మందు వేయాలో వద్దో తేల్చుకోవలసింది మేమే అయితే, మాకు తెలియవలసినవి చెప్పండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థల అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారాలు.

కోస్తా ఆంధ్రలోని ఒక చిన్న పట్టణంలో, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయురాలిని నేను. తొమ్మిదో తరగతి చదువుతున్న ఆడపిల్లకు తల్లిని కూడా. మా అమ్మాయి తీవ్రమైన ఆందోళనకు ఏడాదికి పైగా చికిత్స తీసుకుంటోంది. పిల్లలకు మానసిక వైద్యులు మందు రాసినప్పుడు దాన్ని వేయాలో వద్దో చివరికి తేల్చుకోవలసింది ఇంటివాళ్లే, అది అలా ఉండడమే న్యాయం. అయితే అంత పెద్ద నిర్ణయాన్ని మా మీద పెట్టేటప్పుడు, అందుకు కావలసిన వివరం ఒక్కటీ మా చేతికి ఇవ్వడం లేదు. ఆస్పత్రులు పాటించవలసిన సేవా ప్రమాణాలను రూపొందించే బాధ్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ సంస్థలకే అప్పగించింది గనుక, నలుగురి ఎదుటా ఈ లేఖ మీకే రాస్తున్నాను.

నేను మందులకు వ్యతిరేకిని కాను. మా అమ్మాయి మందు వేసుకుంటోంది, దానివల్ల ఆమెకు మేలు జరిగింది. "ఎదిగే పిల్లకు పిచ్చిమందులేమిటి" అని ముక్కున వేలేసుకునే బంధువుల పక్షాన నేను లేను; పిల్ల కాస్త మొండికేసినా, చదువులో వెనకబడినా మాత్రతో సర్దేద్దామనుకునేవారి పక్షానా లేను. ఈ రెండు పక్షాల మధ్య నలిగిపోయే తల్లిదండ్రులకు కావలసింది ఎవరి గెలుపూ కాదు. తమ బిడ్డకు ఉన్నదేమిటో, ఇస్తున్నదేమిటో, ఇవ్వకపోతే ఏమవుతుందో తెలుసుకుని ఒక మాట మీదికి రాగల వెసులుబాటు మాత్రమే వారికి కావాలి.

ఆ వెసులుబాటును చట్టం ఎప్పుడో ఇచ్చింది. 22వ సెక్షన్ ప్రకారం రోగికీ, రోగి తరఫు ప్రతినిధికీ జబ్బు స్వభావం, ఇవ్వబోయే చికిత్స, దానికి తెలిసిన దుష్ప్రభావాలు చెప్పితీరాలి. ఆ చెప్పడం కూడా వినేవారికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రూపంలో ఉండాలి. మైనరు పిల్లల విషయంలో ఆ ప్రతినిధి, 15వ సెక్షన్ ప్రకారం, తల్లిదండ్రులూ సంరక్షకులే. అంటే నేను ఇక్కడ కొత్త హక్కు ఏదీ కోరడం లేదు. ఉన్న హక్కు ఓపీ గది గుమ్మం దగ్గరే ఆగిపోతోందని చెబుతున్నాను.

అది ఎలా ఆగిపోతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరుగారు మంచివారే, కాని బెంచీల మీద ఇంకా అంతమందీ కూర్చునే ఉన్నారు. అమ్మాయిని రెండు ప్రశ్నలు, నన్ను నాలుగు ప్రశ్నలు అడిగి చీటీ రాశారు. "ఆందోళన తగ్గడానికి ఇస్తున్నానమ్మా, నెల తర్వాత తీసుకురండి" అన్నారు. చీటీ మీద మందు పేరు, పక్కన 1-0-0, అంతే. మందుల షాపులో కుర్రాడు షీటులోంచి కావలసినన్ని మాత్రలు కత్తెరతో కత్తిరించి ఇచ్చాడు; కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే మిగిలింది. "ఇవి డిప్రెషన్ మాత్రలండీ, ఎవరికి?" అని వెనక నిలబడ్డవారికి కూడా వినబడేలా అడిగాడు. డాక్టరుగారు ఆందోళన అన్నారు, ఈ అబ్బాయి డిప్రెషన్ అంటున్నాడు. డిప్రెషన్‌కు వాడే రకం మందునే ఆందోళనకూ వాడతారన్న చిన్న సంగతి ఎవరూ చెప్పకపోవడంతో, ఆ రాత్రి మా ఇంట్లో డాక్టరు మన దగ్గర ఏదో దాచారన్న అనుమానం మొదలైంది. మా వారు ఫోనులో ఆ మందు పేరు కొట్టి చూస్తే మొట్టమొదట కనిపించినది, పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న ఇంగ్లీషు హెచ్చరిక. ఆ తరువాత మా ఇంట్లో జరిగిన చర్చ ఎలాంటిదో మీరు ఊహించుకోగలరు. మాత్రలు కొన్ని వారాలు బీరువాలోనే ఉండిపోయాయి.

ఆ హెచ్చరిక సంగతే చూడండి. 2004 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కుంగుబాటు (డిప్రెషన్) మందుల అధికారిక సమాచార పత్రాల్లో నల్లగీతల చట్రంలో ఒక హెచ్చరిక చేర్చాలని ఆదేశించింది. అప్పటికి పిల్లల మీదా, కౌమార వయసువారి మీదా జరిగిన 24 ప్రయోగాలను, 4,400 మందికి పైగా పిల్లల వివరాలను కలిపి చూస్తే, మందు తీసుకున్నవారిలో నూటికి నలుగురికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో నూటికి ఇద్దరికి ఆత్మహత్య ఆలోచనలో, అలాంటి ప్రవర్తనో కనిపించాయి. ఆ ప్రయోగాల్లో ప్రాణం పోయిన బిడ్డ ఒక్కరూ లేరు. ఈ మూడు వాక్యాలు పక్కపక్కనే పెట్టి చెబితే తల్లికి అర్థమయ్యేది ఏమిటి? ప్రమాదం ఉత్తమాట కాదు, అలాగని పెద్దదీ కాదు. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి. నిద్ర బొత్తిగా పోయినా, కాలు నిలవనంత అలజడి వచ్చినా, మాటల్లో చావు ప్రస్తావన వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఇదంతా చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. చెప్పకుండా "నెల తర్వాత రండి" అంటే, కనిపెట్టుకోవలసిన ఆ తొలి నెలలో మేము ఏం చూడాలో తెలియకుండా ఉండిపోతాం. లేదా, మా ఇంట్లో జరిగినట్టు, ఆ హెచ్చరికను ఒంటరిగా చదివి మందునే పక్కన పెడతాం. తీవ్రమైన కుంగుబాటుకు చికిత్స చేయకుండా వదిలేయడం కూడా ఆత్మహత్యకు దారితీయగల ప్రమాదమేనన్న రెండో సగం ఆ హెచ్చరికలో మా కంట పడదు.

"దుష్ప్రభావాలన్నీ చదివి వినిపిస్తే భయపడి మందే వేయరు" అని కొందరు వైద్యులు అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కాని దాచినా ఫలితం అదే. మొదటి వారంలో పిల్ల కడుపునొప్పి అంటుంది, వికారం అంటుంది, అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది. ఇవి చాలామందిలో కొద్ది రోజుల్లో సర్దుకుంటాయని ముందే చెబితే తల్లి ఓపిక పడుతుంది. చెప్పకపోతే మూడో రోజునే మాత్ర చెత్తబుట్టలో పడుతుంది. అలాగే ఈ రకం మందుల గుణం పూర్తిగా కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని తెలియనివారు రెండో వారానికే "ఇది పనిచేయడం లేదు" అని తేల్చేస్తారు. ఇక పిల్ల తేరుకుందనిపించగానే ఒక్కసారిగా ఆపేసేవారు ఎందరో. తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి వచ్చి "చూశారా, అలవాటు పడిపోయింది" అనుకుంటారు. నెమ్మదిగా తగ్గిస్తూ ఆపవలసిన మందు అది అని చీటీ మీద ఒక్క ముక్క రాసి ఉంటే ఆ గందరగోళం ఉండేది కాదు.

మా పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ఉన్నాడు. తల్లిదండ్రులు వలస వెళ్లారు. నాయనమ్మ దగ్గర పెరుగుతున్నాడు. కోపం వస్తే తలను గోడకేసి కొట్టుకునేవాడు. పెద్ద ఊళ్లో ఆస్పత్రికి తీసుకెళితే మందు ఇచ్చారు. ఒకరోజు ఆ పెద్దావిడ కొంగుముడి విప్పి మాత్రల షీటు చూపించింది. ప్రతి మాత్రనూ కత్తిపీట మీద రెండు ముక్కలు చేసి, పిల్లవాడు గొడవ చేసిన రోజు ఒక ముక్క, మరీ మితిమీరితే రెండు ముక్కలు, నెమ్మదిగా ఉన్న రోజు ఏమీ లేకుండా వేస్తోంది. "నిండు మాత్ర పసివాడికి ఎక్కువవుతుందేమో తల్లీ" అంది. ఆవిడ ప్రేమలో లోపం లేదు. రోజూ ఒకే మోతాదులో పడితేనే పనిచేసే మందును తలనొప్పి మాత్రలా అవసరాన్ని బట్టి వేస్తోందంటే, దాన్ని ఎలా వేయాలో ఆవిడకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదన్నమాట. ఆ మందుతో ఆకలి, బరువు పెరగవచ్చనీ, మధ్యమధ్య బరువు తూచి రక్తపరీక్ష చేయించాలనీ కూడా ఆవిడకు తెలియదు. వాడు మాత్రం మధ్యాహ్న భోజనంలో మూడోసారి అన్నం పెట్టించుకుంటున్నాడని వంటామె సంతోషించింది.

ఇంతవరకు మందు గురించే రాశాను. నిజానికి నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది మందు పక్కన ఉండవలసినది లేకపోవడం.

పిల్లల ఆందోళన మీద అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల వయసున్న 488 మందితో జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఫలితాలు 2008లో వెలువడ్డాయి. పన్నెండు వారాల తర్వాత బాగా తేరుకున్నవారు, మాటల చికిత్స అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఒక్కటే పొందినవారిలో 60 శాతం, సెర్ట్రలిన్ అనే మందు ఒక్కటే తీసుకున్నవారిలో 55 శాతం, రెండూ కలిపి పొందినవారిలో 81 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 24 శాతం. ఈ అంకెలను నేను నెలల తరబడి మనసులో తిప్పుకున్నాను. మాటల చికిత్సతోనే పదిమందిలో ఆరుగురు పిల్లలు తేరుకుంటున్నప్పుడు, ముందు దాన్ని ప్రయత్నించి, సరిపోకపోతే మందు కలుపుదామనుకోవడం తెలివైన పనే. రెండూ ఒకేసారి మొదలుపెట్టి ఎనిమిదిమందిలో మన బిడ్డ ఉండాలని కోరుకోవడమూ తెలివైన పనే. మందు ఒక్కదాన్నే నమ్ముకోవడం మాత్రం ఈ మూడింటిలో చివరిదారి. కుంగుబాటు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. 2004లో ప్రచురితమైన మరో అధ్యయనంలో 12 నుంచి 17 ఏళ్లవారు 439 మంది పాల్గొన్నారు. అందులో ఫ్లూయాక్సెటిన్ ఒక్కటే తీసుకున్నవారిలో 61 శాతం, మాటల చికిత్స ఒక్కటే పొందినవారిలో 43 శాతం, రెండూ పొందినవారిలో 71 శాతం మెరుగయ్యారు. ఆందోళనకు ఒక జవాబు, కుంగుబాటుకు ఇంకో జవాబు. అందుకే "పిల్లలకు మందులు మంచివా చెడ్డవా" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఈ బిడ్డకు, ఈ జబ్బుకు, ఈ తీవ్రతలో ఏది ముందు అన్న ప్రశ్నకే జవాబు ఉంటుంది.

మరి ఆ ప్రశ్న వేసుకునే అవకాశం మాకు ఎక్కడుంది? మందు చీటీ మా పట్టణంలోనే దొరుకుతుంది, మాత్రలు వీధి చివర దొరుకుతాయి. పిల్లలతో వారం వారం కూర్చుని మాటల చికిత్స చేయగల శిక్షణ పొందిన మనిషి కావాలంటే మేము విజయవాడకో, హైదరాబాదుకో పోవాలి. ఉపాధ్యాయురాలిని కాబట్టి సెలవులు సర్దుకుని, జీతం వస్తుంది కాబట్టి ఛార్జీలు పెట్టుకుని మేము పోగలిగాం. కొంగుముడిలో మాత్రలు దాచుకున్న నాయనమ్మ పోలేదు. ఆవిడ ముందు ఉన్నది మందు వేయాలా, మాటల చికిత్స చేయించాలా అన్న ఎంపిక కాదు, మందు వేయాలా, ఏమీ చేయకుండా వదిలేయాలా అన్న ఎంపిక మాత్రమే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996 నుంచి ఉంది. జిల్లా బృందంలో సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు, సామాజిక కార్యకర్త ఉండాలని ఆ కార్యక్రమమే చెబుతుంది. పిల్లల మానసిక ఆరోగ్య సేవలు ప్రభుత్వం ఏర్పాటు చేయాలని 2017 చట్టం 18వ సెక్షన్ విడిగా పేర్కొంది. ప్రతి జిల్లాలో ఆ సైకాలజిస్టు కుర్చీలో మనిషి ఉన్నారా, ఉంటే వారంలో ఎన్ని గంటలు పిల్లలకు కేటాయిస్తున్నారు అన్న రెండు అంకెలు మీరు ఏటా ప్రకటిస్తే చాలు, మిగతాది ప్రజలే అడుగుతారు.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు. నలభై మంది ఉన్న తరగతి గదిలో నిలబడినప్పుడల్లా ఆ లెక్కన ముగ్గురు గుర్తొస్తారు. వారందరికీ మందు అవసరమని నేను అనడం లేదు. పొద్దున్నే కడుపునొప్పి అనే పిల్లకు ఉన్నది ఆందోళన కావచ్చు. బడి దారిలో వెంటపడే కుర్రాళ్లు కావచ్చు. రాత్రి తాగివచ్చి తల్లిని కొట్టే తండ్రి కావచ్చు. చెప్పుకోలేని చోట చెయ్యి వేసిన దగ్గరి బంధువు కావచ్చు. నీరసంగా, ఏ పనిమీదా ధ్యాస లేకుండా ఉండే ఆడపిల్లకు రక్తహీనత ఉండవచ్చు, థైరాయిడ్ తేడా ఉండవచ్చు. ఇవేవీ విచారించకుండా, బిడ్డను ఒక్కసారైనా విడిగా కూర్చోబెట్టి మాట్లాడకుండా రాసే చీటీ, సరైన మందే రాసినా తొందరపాటు చీటీయే. ఆ కారణాలు ఉన్నంత మాత్రాన మందు అక్కర్లేదనీ కాదు. దెబ్బలు తిన్న బిడ్డ కుంగిపోయి ఉంటే దెబ్బలు ఆపాలి, కుంగుబాటుకు చికిత్సా చేయాలి. మొదటిది వదిలేసి రెండోది మాత్రమే చేసినప్పుడు మాత్ర ఆ ఇంటి తప్పును కప్పే గుడ్డ అవుతుంది.

ఆలస్యం పనికిరాని సందర్భాలు ఉన్నాయి. చచ్చిపోతానంటున్న బిడ్డను, తిండి నీళ్లు మానేసిన బిడ్డను, లేనివి వినబడుతున్నాయనే బిడ్డను ముందు పెట్టుకుని "ఇంకోసారి ఆలోచించుకుని వస్తాం" అనడం ప్రమాదకరం; అక్కడ డాక్టరు మాట వెంటనే వినాలి. నేను అడుగుతున్న వ్యవధి మిగతావారి కోసం, అంటే నెలల తరబడి నెమ్మదిగా ముదిరిన బాధతో వచ్చి, మరో వారం ఆగినా మించిపోయేది లేనివారి కోసం.

ఇక పిల్లల మాట. మైనరును ఆస్పత్రిలో చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలని, పిల్లల్ని పెద్దల వార్డులో ఉంచకూడదని, మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు 72 గంటల్లో తెలపాలని చట్టం 87వ సెక్షన్‌లో కట్టుదిట్టం చేసింది. ఏళ్ల తరబడి రోజూ మింగవలసిన మాత్ర విషయంలో అంతటి కట్టుబాట్లు అవసరమని నేను అనను. అలా చేస్తే ఉన్న కొద్దిమంది వైద్యులూ పనిచేయలేరు. కాని ఆ మాత్రను మింగేది పిల్లే గదా, ఆమెను ఒక మాట అడగడానికి ఏ కట్టుబాటూ అడ్డురాదు. తనకు సంబంధించిన విషయాల్లో బిడ్డ అభిప్రాయం వినాలన్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లోనే ఆమోదించింది. మేము తరువాత చూపించిన రెండో డాక్టరు మా అమ్మాయి అభిప్రాయం అడిగారు. "ఈ మాత్ర వేసుకుంటే నేను నేనుగా ఉండనా?" అని అప్పుడు మా అమ్మాయి అడిగిన ప్రశ్న అంతవరకు మా ఇద్దరికీ తట్టనే లేదు. ఆ డాక్టరమ్మ నవ్వి కొట్టిపారేయకుండా, "మొద్దుబారినట్టు అనిపిస్తే నాకు చెప్పు, మోతాదు తగ్గిద్దాం, లేదా మందు మారుద్దాం, నీకు నచ్చకుండా మీ అమ్మ కోసం మింగుతూ ఉండకు" అన్నారు. ఆ మాట మీదే మా అమ్మాయి ఒప్పుకుంది. ఈ మందును పిల్లల ఆందోళనకు ఇవ్వడం చాలాచోట్ల వాడుకలో ఉన్నదే కాని, అమెరికాలో పిల్లల విషయంలో సెర్ట్రలిన్‌కు అధికారిక అనుమతి ఉన్నది ఓసీడీకి, అంటే వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వెంటాడే జబ్బుకు మాత్రమేననీ, ఆందోళనకు వైద్యులు పరిశోధనల ఆధారంగా రాస్తారనీ ఆవిడే విడమరిచి చెప్పారు. అది వినగానే నాకు భయం పెరగలేదు. నమ్మకం పెరిగింది.

పాఠశాలల గురించి ఎక్కువ రాయను, అది మరో లేఖ అవుతుంది. "మందు వేయిస్తేనే తరగతిలోకి రానిస్తాం" అనే యాజమాన్యాలున్నాయి. "ఇలాంటి మందులు వాడే పిల్లను హాస్టల్లో ఉంచుకోలేం" అనే యాజమాన్యాలూ ఉన్నాయి. రెండింటికీ ఆ అధికారం లేదు. వైద్య వివరాల గోప్యత హక్కు 23వ సెక్షన్‌లో ఉంది. పాఠశాల చేయగల మేలు వేరే ఉంది. పిల్ల ఏ పీరియడ్‌లో ఎలా ఉంటోంది, ఎవరితో తింటోంది, ఎప్పుడు ఏడ్చింది అన్న గమనింపులు తల్లిదండ్రులు కోరితే రాసి ఇవ్వవచ్చు. నెలకొకసారి పది నిమిషాలు చూసే డాక్టరుకు రోజుకు ఏడు గంటలు చూసే టీచరు రాసిన అరపేజీ ఎంతో ఉపయోగపడుతుంది. హాస్టళ్లలో మాత్ర ఎవరి దగ్గర ఉండాలి, రోజూ ఎవరు ఇవ్వాలి, మరిచిపోతే ఏం చేయాలి అన్నదానికి మాత్రం మీరూ, విద్యాశాఖా కూర్చుని ఒక పద్ధతి తేవాలి; మాత్రల డబ్బా ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచుకుని, దొంగచాటుగా మింగే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

కాబట్టి నా విన్నపం ఇది. మన రాష్ట్రాల్లో పిల్లలకు ఎక్కువగా రాసే మానసిక ఔషధాలు నిజానికి పిడికెడే. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క పేజీ చొప్పున, అచ్చమైన వాడుక తెలుగులో, పెద్ద అక్షరాల్లో సమాచార పత్రం తయారు చేయించండి. ఆ మందు దేనికి ఇస్తారు, ఎన్నాళ్లకు గుణం కనిపిస్తుంది, మొదటి వారాల్లో ఏం గమనించాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆ రాత్రే ఫోను చేయాలి, ఎన్నాళ్లు వాడవలసి రావచ్చు, ఎలా ఆపాలి, మందు కాకుండా ఉన్న దారులేమిటి అన్నవి ఉంటే చాలు. చీటీతో పాటు ఆ పేజీ ఇవ్వడాన్ని ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నింటికీ మీ సేవా ప్రమాణాల్లో చేర్చండి. చదవలేనివారి కోసం అదే పాఠాన్ని నర్సమ్మో, సామాజిక కార్యకర్తో చదివి వినిపించాలి. ఫోనులో వినేలా రికార్డు చేసినా మంచిదే. అత్యవసరం కాని సందర్భాల్లో మందు మొదలుపెట్టే ముందు కుటుంబం మరోసారి వచ్చి ప్రశ్నలు అడిగే వీలు, మొదలుపెట్టాక నెలదాకా ఆగకుండా రెండు వారాల్లోపే ఒకసారి కనీసం ఫోనులోనైనా పలకరించే ఏర్పాటు, ఈ రెండింటినీ ఆ ప్రమాణాల్లోనే రాయండి.

ఆ పలకరింపుకు కొత్త వ్యవస్థ అక్కర్లేదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఉచితం. కష్టంలో ఉన్నవారి మాట వినడానికి అక్కడి వారు సిద్ధంగా ఉన్నారు. మందు మొదలుపెట్టిన పిల్లల తల్లిదండ్రులు "నిన్నటి నుంచి నిద్ర పోవడం లేదు, రేపటి మాత్ర వేయాలా వద్దా" అని అడిగితే, ఆ ఫోనును వెంటనే వైద్యుడి దాకా చేర్చే పద్ధతిని కూడా అక్కడ స్థిరపరచండి. మా ఇంట్లో మాత్రలు బీరువాలో పడివున్న రోజుల్లో మేము వెతికింది సరిగ్గా అలాంటి గొంతు కోసమే.

ఓపీలో అంత సమయం ఎక్కడిదని మీ సభ్యుల్లోని వైద్యులు అడుగుతారని నాకు తెలుసు. వారి ఇబ్బంది నిజమైనదే. ఉదయం నుంచి గుక్కతిప్పుకోని మనిషిని ఇంకో అయిదు నిమిషాలు అడగడం నాకూ బాధే. అయితే ఆ అయిదు నిమిషాలు డాక్టరే ఇవ్వాలని నేను అనడం లేదు, అందుకే పత్రం అడుగుతున్నాను. అర్థం కాక సగంలో మానేసి, జబ్బు ముదిరి, మళ్లీ అదే బెంచీ మీదికి వచ్చే పిల్లల కోసం వెచ్చించే సమయంతో పోల్చి చూస్తే అది ఏమంత ఎక్కువ కాదు.

మీ సంస్థల్లో రోగుల సంరక్షకుల తరఫున కూడా సభ్యులు ఉండాలని చట్టం చెబుతోంది. ఈ పత్రాల ముసాయిదాను ముందుగా వారి చేతికి ఇవ్వండి. వైద్యపరమైన తప్పొప్పులు సైకియాట్రిస్టులు చూసుకుంటారు. వాక్యం పల్లెటూరి నాయనమ్మకు అర్థమవుతుందో లేదో చూసే పని మాకు అప్పగించండి. తెలుగు ఉపాధ్యాయులం ప్రతి మండలంలో ఉన్నాం; వేసవి సెలవుల్లో ఆ పేజీలు చదివి, సరిదిద్ది, మా విద్యార్థుల ఇళ్లలో వినిపించి, ఎక్కడ తికమకపడ్డారో గుర్తుపెట్టి తిరిగి పంపుతాం. దానికి పారితోషికం అడగం. ముసాయిదా ఎప్పుడు సిద్ధమవుతుందో ఒక తేదీ మాత్రం చెప్పండి.

ఇట్లు,
ఒక తల్లి, తెలుగు ఉపాధ్యాయురాలు